వికీ వ్యాసాల్లో బొమ్మల సైజు: 26 వ్యాసాలు, 143 బొమ్మలు, నాలుగు స్క్రీన్లు (పని డైరీ)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీద తెలుగు వికీపీడియాలో ఉన్న వ్యాసాల్లోంచి 26 ఎంచుకుని వాటిల్లో బొమ్మల సైజులు సరిచేస్తున్నాం. నేను, మా మేనల్లుడు, ఊళ్ళో ఇంకో వికీ మిత్రుడు, ముగ్గురమే. ఇదే పని ఎవరైనా వాళ్ళ జిల్లా వ్యాసాలకి చెయ్యాలనుకుంటే మేం పోగొట్టుకున్న వారాలు వాళ్ళకి మిగలాలని రాస్తున్నా, అందుకే తప్పులకే ఎక్కువ జాగా ఇచ్చాను.

ముందే ఒక మాట. థంబ్ (వ్యాసం పక్కన చిన్నగా పడే బొమ్మ), అప్‌రైట్ (ఆ చిన్న బొమ్మని ఇన్ని రెట్లు చెయ్యమని చెప్పే మాట), గ్యాలరీ (బొమ్మల్ని వరసగా పేర్చే పద్ధతి) లాంటి మాటలు కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చెయ్యాలి, ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా.

దశ 0: స్క్రీన్లు కొలుచుకోవడం

మా దగ్గరున్న నాలుగు స్క్రీన్లు ఇవి:

1. ఆమదాలవలసలో మా పిన్ని ఫోను. డబ్బా మీద 720×1600 పిక్సెళ్ళు అని ఉంటది, కానీ బ్రౌజర్ లెక్కలో దాని వెడల్పు 360 మాత్రమే. మొబైల్ వ్యూలో రెండు పక్కలా అంచులు పోగా వ్యాసానికి మిగిలేది 328.
2. నా పాత లాప్‌టాప్, 1366×768. ఎడమ మెనూ, కుడి పనిముట్లు తెరిచి ఉంటే వ్యాసం పడే జాగా సుమారు 920.
3. మిత్రుడి డెస్క్‌టాప్, 1920. వెడల్పు పరిమితి తీసేసి స్క్రీనంతా పరిచి చూస్తాడు.
4. మేనల్లుడి ట్యాబ్, 800.

ఈ 360 సంగతి చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. ఫోనులో పిక్సెళ్ళు 720 ఉన్నా అవి రెండేసి కలిసి ఒకటిగా పనిచేస్తాయి. అంటే 300 వెడల్పు పెట్టిన బొమ్మ ఆ ఫోనులో స్క్రీన్లో సగం కూడా రాదనుకుంటాం గానీ దాదాపు మొత్తం ఆక్రమిస్తది. అందుకే ఫోను డబ్బా మీది అంకెలు పక్కన పెట్టి, లాప్‌టాప్ బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే వచ్చే ఫోను నమూనాలో 360 పెట్టి చూడండి. అది చూసాక అసలు ఫోనులో కూడా చూడాలి.

మొదలుపెట్టేనాటి లెక్క: వ్యాసాలు 26, బొమ్మలు 143, సరైనవి ఎన్నో తెలీదు.

దశ 1: అన్నింటికీ 400 పెట్టేశాం (తప్పు)

మిత్రుడి డెస్క్‌టాప్ మీద బొమ్మలు చిన్నగా కనబడుతున్నాయని 400 పిక్సెళ్ళని గట్టిగా రాసేశాం, శ్రీకూర్మం, శాలిహుండం, విజయనగరం కోట, కళింగపట్నం, ఇలా 11 వ్యాసాల్లో 52 బొమ్మలకి. ఆ స్క్రీన్ మీద అద్భుతంగా ఉంది.

తర్వాత నా లాప్‌టాప్‌లో శ్రీకూర్మం తెరిచాను. కుడిపక్క సమాచారపెట్టె (ముఖ్య వివరాల పట్టిక) అంచుతో కలిపి సుమారు 290, ఎడమపక్క బొమ్మ అంచుతో కలిపి 420, రెండూ 920లోంచి తీసేస్తే పాఠానికి మిగిలింది 210. ఆ 210లో తెలుగు ఎలా పడిందో చూస్తే బాధేసింది. మన మాటలు పొడుగు. "నిర్వహిస్తున్నప్పటికీ" లాంటి మాట ఒక్కటే ఆ వరస మొత్తం తినేస్తది, దాని తర్వాత మాట పట్టక కిందకి దిగితే వరసలో సగం ఖాళీ. ఇంగ్లీషు వ్యాసాల్లో చూసి నేర్చుకున్న సైజులు తెలుగు వ్యాసాల్లో ఎందుకు పనిచెయ్యవో అప్పుడే అర్థమైంది. పొట్టి మాటలైతే సన్నటి వరసలో సర్దుకుంటాయి, సంధులూ విభక్తులూ అతుక్కుపోయిన మన మాటలు సర్దుకోవు.

అప్పట్నించి మేం పెట్టుకున్న హద్దు: బొమ్మ పక్కన పాఠానికి కనీసం 400 పిక్సెళ్ళు మిగలాలి, లేకపోతే బొమ్మనైనా తగ్గించాలి, చోటైనా మార్చాలి. ఇది మా కొలత, రూలేం కాదు.

ట్యాబులో డెస్క్‌టాప్ వ్యూ పెడితే ఇంకా ఘోరం, బొమ్మ సమాచారపెట్టె పక్కన పట్టక పాఠాన్ని కిందకి తోసేసింది, పైన తెల్లటి ఖాళీ.

బరువు కూడా కొలిచాం. ఎఫ్12లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ) ఆపేసి, పేజీ మళ్ళీ లోడ్ చేస్తే ఎంత డేటా దిగిందో కింద చూపిస్తది. శ్రీకూర్మం పేజీలో 9 బొమ్మలకి 1.3 ఎంబీ. అదే పేజీ పని మొత్తం అయ్యాక కొలిస్తే 480 కేబీ.

లెక్క: మార్చిన బొమ్మలు 52, నిలబడినవి 0, పోయినవి రెండు ఆదివారాలు.

దశ 2: సైజు తీసేసినా బొమ్మ తగ్గలేదు (ఇంకా పెద్ద తప్పు)

సరే, 400 తీసేసి ఉత్త థంబ్ మాత్రమే ఉంచుదాం అనుకున్నాం. తీసేసి మునుజూపు చూస్తే బొమ్మ అంతే ఉంది. పేజీ భద్రపరిచాను, అంతే. క్యాష్ ఏమోనని మూడుసార్లు పర్జ్ చేశాను (వికీ దాచుకున్న పాత కాపీని చెరిపించడం), అంతే. ఉత్త థంబ్ అంటే ఇంతే కాబోలనుకుని దాన్ని తగ్గించడానికి అప్‌రైట్=0.6 పెట్టుకుంటూ పోయాను, 14 బొమ్మలకి. నా స్క్రీన్ మీద చక్కగా 240 దగ్గర కూర్చున్నాయి.

నాలుగు రోజుల తర్వాత ఒక వ్యాసం చర్చ పేజీలో సీనియర్ వాడుకరి ఒకరు మర్యాదగా అడిగారు, "బొమ్మలు మరీ చిన్నవైపోయాయండీ, మీరు లాగవుట్ అయ్యి చూసారా?" అని. చూసాను. బొమ్మలన్నీ 150 వెడల్పులో తపాలా బిళ్ళల్లా ఉన్నాయి.

జరిగింది ఇది. నేనెప్పుడో కొన్నేళ్ళ కిందట నా అభిరుచుల్లో (వికీలో ఎవరి ఖాతాకి వాళ్ళు పెట్టుకునే సెట్టింగులు), రూపురేఖల దగ్గర, థంబ్ సైజు 400 పెట్టుకున్నాను, పెట్టుకున్న సంగతి మర్చిపోయాను. ఉత్త థంబ్ అని రాస్తే వికీ ప్రతి వాడుకరికీ వాళ్ళ అభిరుచి సైజు చూపిస్తది. లాగిన్ కాని పాఠకులకి మామూలు సైజు, అది చాలా ఏళ్ళు 220 ఉండి ఇప్పుడు 250 అయ్యింది. నేను రాసిన 0.6 నా 400తో గుణిస్తే 240, పాఠకుడి 250తో గుణిస్తే 150. చదివేవాళ్ళలో దాదాపు అందరూ లాగిన్ కాకుండానే చదువుతారు, అంటే నేను నా ఒక్కడి కళ్ళకి సరిపోయేలా వ్యాసాలు దిద్దుకున్నాను. ఆ నాలుగు రోజులు ఆ పేజీలు చదివినవాళ్ళకి శాలిహుండం స్తూపం ఒక మచ్చలాగే కనబడి ఉంటది, అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

ఇప్పుడు పని మొదలెట్టేముందు మేం చేసేవి:

1. అభిరుచుల్లో థంబ్ సైజుని మామూలుకి తెచ్చుకోవడం.
2. అజ్ఞాత విండోలో అదే పేజీ తెరిచి పక్కన పెట్టుకోవడం.
3. కొత్త సైజులు ముందు ప్రయోగశాలలో (వికీలో రాసి చూసుకునే పేజీ) పెట్టి చూడ్డం, ఆ తర్వాతే వ్యాసంలోకి.
4. దిద్దుబాటు సారాంశంలో ఎందుకు మార్చామో రాయడం, "బొమ్మ సైజు" అని ఊరుకోకుండా "స్థిర సైజు తీసి థంబ్" అన్నట్టు.

లెక్క: వెనక్కి తిప్పినవి 52, అందులో రెండుసార్లు తిప్పినవి 14. వారాలు 3.

దశ 3: ఎక్కువ బొమ్మలకి ఏమీ రాయక్కర్లేదు

143 బొమ్మల్నీ ఒక పట్టికలో వేసి ఒక్కోదానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఈ బొమ్మలో పాఠకుడు చూడాల్సింది 250 వెడల్పులో కనబడుతోందా? పిన్ని ఫోనులో చేతులు చాపి పట్టుకుని చూసాం, దగ్గరగా పెట్టుకుంటే అన్నీ కనబడతాయి కాబట్టి.

96 బొమ్మలకి జవాబు అవును. అరసవల్లి గుడి ముందుభాగం, కళింగపట్నం దీపస్తంభం ఉన్న తీరం, విజయనగరం గంటస్తంభం, బారువ సముద్రం. వీటికి పిక్సెళ్ళు తీసేసి థంబ్ ఒక్కటే ఉంచాం. ఒక్కో వ్యాసానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

అప్‌రైట్ లెక్క తెలియనివాళ్ళకి: అప్‌రైట్=1 అంటే మామూలు సైజు, 1.2 అంటే దానికి 1.2 రెట్లు, అంటే 300. వచ్చిన అంకెని దగ్గర్లో ఉన్న పదికి సరిచేస్తది. ఏ అంకే ఇవ్వకుండా అప్‌రైట్ అని మాత్రమే రాస్తే 0.75, అంటే 187.5 కాస్తా 190 అవుతది. 400 పిక్సెళ్ళని గట్టిగా రాస్తే అందరికీ 400, అప్‌రైట్ రాస్తే ఎవరి అభిరుచిని బట్టి వాళ్ళకి పెరుగుతది తగ్గుతది. చూపు తక్కువై అభిరుచుల్లో పెద్ద సైజు పెట్టుకున్న పెద్దాయనకి మన గట్టి 200 అడ్డం పడకూడదు కదా.

పిక్సెళ్ళు ఎక్కువున్న మంచి ఫోన్ల కోసం కంగారు పడక్కర్లేదు, అలాంటి స్క్రీన్లకి వికీ తనంతట తనే రెట్టింపు వెడల్పు ఫైలు పంపిస్తది. మనం పెద్ద సైజు రాయక్కర్లేదు, అసలు ఫైలు పెద్దదై ఉంటే చాలు (ఇది దశ 6లో మాకు బాగా తగిలింది).

లెక్క: 96 / 143.

దశ 4: నిలువు బొమ్మలు

ఫోనుతో నిలువుగా తీసిన ఫొటో 9కి 16 పాళ్ళలో ఉంటది, వెడల్పు 250 పెడితే ఎత్తు 444. లాప్‌టాప్ స్క్రీన్ ఎత్తే 768, పైన బ్రౌజర్ పట్టీలు పోతే ఇంకా తక్కువ, అంటే స్క్రీన్లో ముప్పావు వంతు ఒక్క బొమ్మే. అప్‌రైట్ పెడితే 190×338. శ్రీముఖలింగం సోమేశ్వరాలయం శిఖరం, శ్రీకూర్మం ధ్వజస్తంభాలు (ఆ గుడికి రెండు, ముందొకటి వెనకొకటి), ఇలాంటి 21 బొమ్మలకి 0.7 నుంచి 0.8 మధ్య పెట్టాం. బాగా కుదిరాయి.

కుదరనిది సిరిమాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటోలో మాను పైకి లేచి ఉంటది, చివర కూర్చున్న పూజారి గారిని చూడ్డానికే జనం వస్తారు, పాఠకుడు కూడా ఆయన్నే వెతుకుతాడు. నిలువు బొమ్మ కాబట్టి 0.75 అని అలవాటుగా పెట్టేశాం. పిన్నికి చూపిస్తే, "మాను కనబడతంది గానీ పూజారేడిరా?" అంది. 190 వెడల్పులో ఆయన ఒక చుక్క. అక్కడ సైజు పెంచితే ఎత్తు పెరిగి పేజీ పాడవుతది, తగ్గిస్తే మనిషి మాయమవుతాడు. చివరికి కామన్స్‌లో (అన్ని భాషల వికీలూ వాడుకునే బొమ్మల గిడ్డంగి) క్రాప్‌టూల్‌తో పైభాగం వేరే ఫైలుగా కత్తిరించి ఉత్సవం విభాగంలో మామూలు థంబ్‌గా పెట్టాం, మొత్తం మాను ఉన్న బొమ్మని గ్యాలరీలోకి పంపాం. క్రాప్‌టూల్ వాడేటప్పుడు కొత్త ఫైలుగా భద్రపరచమనే ఎంచుకోండి, అసలు బొమ్మ మీద కత్తిరింపు ఎక్కించకండి, అది ఇంకో భాషలో ఇంకెవరో వాడుతుండొచ్చు.

తేలినీలాపురం గూడబాతుల బొమ్మకీ ఇదే మందు. చెట్టంతా ఉన్న ఫొటోలో పిట్టలు తెల్ల చుక్కలు, రెండు కొమ్మలు మాత్రం ఉంచి కత్తిరిస్తే 250లోనే ముక్కుల కింద సంచి కూడా తెలుస్తోంది.

లెక్క: 117 / 143. (సిరిమాను, గూడబాతులు ఈ లెక్కలో లేవు, దశ 6లో వస్తాయి.)

దశ 5: పటాలు (అన్నిటికంటే ఎక్కువ టైము తిన్నది)

శ్రీకాకుళం జిల్లా మండలాల పటం. ఉన్నది పాతది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి పోయాయి, 38 మండలాలు 30 అయ్యాయి. ఎలాగూ కొత్తది గియ్యాలి కదా అని మేనల్లుడు ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌వీజీ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) గీసాడు, 1600 వెడల్పు, మండలాల పేర్లు 30 సైజు అక్షరాల్లో. ల్యాప్‌టాప్‌లో పూర్తి స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది.

వ్యాసంలో పెట్టాక లెక్క వేసాం. అక్షరం సైజుని థంబ్ వెడల్పుతో గుణించి అసలు వెడల్పుతో భాగించాలి:

1. 250 వెడల్పులో: 30×250÷1600 = 4.7
2. 340లో: 6.4
3. 500లో: 9.4
4. పిన్ని ఫోనులో 500 పెట్టినా 328కి కుదించేస్తది: 6.2

మా కళ్ళకి తెలుగు అక్షరం 11 కంటే తగ్గితే చదవలేకపోతున్నాం. ఇంగ్లీషు అక్షరం 8లో కూడా ఎలాగో గుర్తుపట్టొచ్చు, మనకి గుణింతం పైన, ఒత్తు కింద, "లక్ష్మీనర్సుపేట"లో క్ష్మీ ఒక్కటే చూడండి, ఒకదాని కింద ఒకటి వేలాడుతూ ఆ చిన్న జాగాలో ముద్దయిపోతది. "ఇచ్ఛాపురం" కూడా అంతే. పిన్ని మాటే నిజం: "గీతలు కనిపిస్తన్నాయి, ఊళ్ళు కనబడట్లేదు. అచ్చరాలు చీమల్లాగున్నాయి."

మొదటి ప్రయత్నం: అప్‌రైట్=2 పెట్టాం. ల్యాప్‌టాప్‌లో కొంచెం నయం, ఫోనులో తేడా సున్నా, ఎందుకంటే 328 దాటి ఏదీ వెళ్ళదు. సైజు పెంచి పటాన్ని బాగుచెయ్యలేం అని ఇక్కడ తేలిపోయింది.

రెండో ప్రయత్నం: అక్షరాలు 72కి పెంచాం. 250లో 11 వస్తాయి గానీ 30 పేర్లు పటంలో పట్టవు. నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు పేర్లు ఒకదాని మీదొకటి ఎక్కేసాయి, సంతబొమ్మాళి పేరు సముద్రంలోకి పోయింది.

మూడోది, నిలబడింది:

1. పటంలో పేర్లన్నీ తీసేసి 1 నుంచి 30 వరకు అంకెలు, సైజు 64.
2. అప్‌రైట్=1.4, అంటే 350 వెడల్పు. అంకె ఎత్తు 64×350÷1600 = 14. ఫోనులో 328కి 13.
3. అంకెలకి ఏ మండలమో వ్యాసంలోనే పాఠంగా జాబితా, పటం కిందే.
4. గీతలు మందంగా, రంగులు ఎండలో కూడా తేడా తెలిసేలా. మొదటి పటంలో పక్కపక్క మండలాలకి లేత పసుపు, లేత ఆకుపచ్చ వాడాడు, మేడ మీద ఎండలో చూస్తే రెండూ ఒకటే.

పేర్లు పాఠంలోకి రావడం వల్ల ఇంకో మూడు లాభాలు కలిసొచ్చాయి. వెతికితే దొరుకుతాయి, ఆ మండలం వ్యాసానికి లింకు ఇవ్వొచ్చు, చూపులేనివాళ్ళకి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తది. బొమ్మకి ప్రత్యామ్నాయ పాఠం కూడా రాసాం, "శ్రీకాకుళం జిల్లా 30 మండలాల పటం, అంకెల వివరం కింద జాబితాలో" అని. ఎస్‌వీజీలో తెలుగు పేర్లుంటే సర్వర్ దగ్గర ఆ ఫాంటు లేకపోతే రూపు మారిపోయే గొడవ కూడా అంకెలతో పోయింది.

ఇలా 6 పటాలు మార్చాం. ఒక్కోదానికి రెండు సాయంత్రాలు. వెడల్పు దృశ్యాలు, శాసనాల బొమ్మలు ఇంకో 11 ఉంటే వాటికి 1.2 నుంచి 1.4 పెట్టాం, అంతకు మించి ఎక్కడా పెట్టలేదు.

లెక్క: 134 / 143. వారాలు 8.

దశ 6: మిగిలిన తొమ్మిదీ, అసలు ఫైళ్ళ గొడవా

సమాచారపెట్టె పొడుగ్గా ఉన్న చిన్న వ్యాసాల్లో కుడిపక్క పెట్టిన బొమ్మలన్నీ పెట్టె అయిపోయేదాకా ఆగి, దాని కింద గుట్టగా పడతాయి. చరిత్ర విభాగం బొమ్మ మూలాల దగ్గరికి పోయింది ఒక వ్యాసంలో. ఫోనులో ఇది తెలీదు, అక్కడ బొమ్మలు పాఠం మధ్యలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, లాప్‌టాప్‌లోనే బయటపడతది. నాలుగు పేరాల వ్యాసానికి అయిదు బొమ్మలు ఎక్కువ, అంతే. రెండు ఉంచి మూడు గ్యాలరీలోకి, ప్యాక్డ్ పద్ధతిలో, ఎత్తు 150. ఎత్తు ఒకటే ఉంటది కాబట్టి నిలువువీ అడ్డమువీ కలిసినా వరస కుదురుతది.

విజయనగరం కోట గోడ పనోరమా 6000×1400. 250లో దాని ఎత్తు 58, గోడ కాదు తాడు. కోట సింహద్వారం వరకే కత్తిరించి పైన పెట్టాం, పనోరమాని పక్కకి జరుపుతూ చూసే మూసలో (వికీలో ముందే తయారుగా ఉండే అచ్చు) పెట్టి అడుగున ఉంచాం.

ఇక అసలు ఫైళ్ళు. మిత్రుడు శ్రీకూర్మం స్తంభాల శాసనాలు తీసి వాట్సాప్‌లో పంపాడు, నేను అవే కామన్స్‌కి ఎక్కించేశాను. ఫోనులో తీసినప్పుడు 4000×3000, నాకు చేరేసరికి 1600×1200, తేదీ, కెమెరా వివరాలు కూడా లేవు. థంబ్‌గా చూస్తే ఏ తేడా తెలీదు. నొక్కి పెద్దది చేస్తే శాసనంలో అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, ఆ బొమ్మ పెట్టిందే అక్షరాలు చూపించడానికి. మళ్ళీ అతన్ని అడిగి, ఈసారి డాక్యుమెంటుగా పంపించమని, అదే ఫైలు పేజీలో కొత్త కూర్పుగా ఎక్కించాను. ఫైలు పేరు మారలేదు కాబట్టి వ్యాసాల్లో ఏమీ మార్చక్కర్లేకపోయింది. ఎక్కించేముందు డేటా మిగులుతుందని 800కి కుదించిన ఫొటోలు ఇంకో నాలుగు ఉన్నాయి, వాటి అసళ్ళు ఫోనులోంచి చెరిపేశాను, అవి ఇక ఎప్పటికీ 800లే. బొమ్మని కుదించే పని వికీది, మన దగ్గరున్నదాంట్లో పెద్దదే ఎక్కించాలి.

లెక్క: 141 / 143. వ్యాసాలు 25 పూర్తి, 1 మిగిలింది. వారాలు 10.

మిగిలిన రెండు

రెండూ పొందూరు ఖద్దరు వ్యాసంలోవే. ఒకటి వడికిన నూలు, రెండోది దూదిని శుభ్రం చెయ్యడానికి వాడే వాలుగ చేప దవడ. ఆ దవడలో పళ్ళు సన్నగా దువ్వెనలా ఉంటాయి, ఆ సన్నదనం వల్లే దూది అంత బాగా దువ్వబడతది, అందుకని బొమ్మలో పళ్ళు విడివిడిగా కనబడాలి. ఇప్పుడున్న ఫొటోలో మనిషి, చాప, దూది గుట్ట అన్నీ ఉండి దవడ ఒక మూల ఉంది. 1.4 పెట్టి చూసాం, కనబడలేదు. కత్తిరించి చూసాం, ఫైలు 800 కాబట్టి మిగిలిన ముక్క 180 పిక్సెళ్ళు, థంబ్‌కే చాలదు. నేను చెరిపేసిన నాలుగింట్లో ఇదొకటి.

వచ్చే ఆదివారం పొందూరు వెళ్తున్నాం. దవడని నల్లగుడ్డ మీద పెట్టి, ఫోను అడ్డంగా పట్టుకుని, దగ్గర్నించి, కిటికీ వెలుతుర్లో తియ్యాలని రాసుకున్నా. వడికే పెద్దమ్మని ముందే అడిగాం, పొద్దున్న పదింటికి రమ్మంది.